ఒంటి సాక్ష్యాల పుస్తకం

భరణి కార్తె, రెండో రోజు

ఇవాళ నల్లబల్ల మీద మూడు విషయాలు రాశాను. ఊటనీళ్లు నిన్నటికన్నా రెండు బిందెలు తగ్గాయి. చూసినవాళ్లు ఐలమ్మ, సత్తయ్య. గబ్బిలాలన్నీ కింది సొరంగం ఖాళీ చేసి, అక్కడికి దిగే వాలుదారి కప్పుకు వేలాడుతున్నాయి. చూసినవాళ్లు సత్తయ్య, కిష్టమాచారి. చెత్త తవ్వుతుంటే దొరికిన పాత ఫోన్ ఒకటి, సోలార్ తీగ తగిలించగానే వెలిగి, ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి ఆరిపోయింది. దీన్ని మాత్రం పదిమంది చూశారు. రెండు పేర్లు చాలు కదా అంటే అందరూ తమ పేరు కావాలని గొడవ.

ఈ పుస్తకం వేరు. బల్లకెక్కనివి ఇందులోకి వస్తాయి. ఇద్దరు కళ్లారా చూస్తేనే వార్త. ఒక్కరే చూస్తే అది నా దగ్గర ఉంటుంది, రెండో మనిషి దొరికేదాకా. పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నాను, ఇది ఆరో పుస్తకం. నన్ను అందరూ గట్టన్న అంటారు; ఒకప్పుడు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా పనిచేసినవాణ్ని, ఇలాంటి చాదస్తం నాకు తప్ప ఎవరికి అబ్బుతుంది?

ఇవాళ్టి ఒంటి సాక్ష్యం: పైనుంచి గాలి దిగే గాలి బావి దగ్గర వాన వాసన వచ్చిందని లింగయ్య తాత. ముక్కుతో చూసింది అసలే చెల్లదు. ముసలాయన బతిమాలాడని రాశాను.

భరణి, నాలుగో రోజు

నా చెల్లెలు సమ్మక్క కింది సొరంగంలో పుట్టగొడుగుల మడులు చూస్తుంది. భర్త పోయాక నా దగ్గరే ఉంటోంది, మధ్యలో ఒక గోనెపట్టా పరదా. మధ్యాహ్నం పని దిగి వచ్చి, బుట్ట కూడా దించకుండా మొదలుపెట్టింది.

"అన్నా, కింద దీపం సన్నగైంది. మూడో మడి కాడ మోకాళ్ల దాకా దించితే ఆరిపోయేటట్టున్నది."

"ఆముదం అయిపోయిందేమో."

"నిండ పోసుకునే పోయిన. యాభై నాలుగేండ్లొచ్చినయి, నువ్వు నాకు దీపం పెట్టుడు నేర్పిస్తవా?"

నవ్వాను గానీ రాసుకున్నాను. కిందికి దిగేవాళ్లు బ్యాటరీ లైటుతో పాటు జాలీ కప్పిన నూనెదీపం కూడా తీసుకుపోతారు, వెలుగు కోసం కాదు. ఊపిరాడని చెడుగాలి బరువైనది, నేలమీద పరుచుకుంటుంది. మనిషికన్నా ముందు దీపానికి తెలుస్తుంది.

రోహిణి రావడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. రోహిణిలో మేముండే ఈ పై సొరంగం పొయ్యిమీద పెట్టిన కుండే. ఏటా ఆ పద్నాలుగు రోజులూ రెండువందల పన్నెండు మందిమీ చాపలు చుట్టుకుని కిందికి దిగి, అక్కడే నేలమీద పడుకుంటాం.

చూసింది సమ్మక్క. సాక్షి ఒక్కరే.

భరణి, ఆరో రోజు

మళ్లీ అదే చెప్పింది. ఈసారి మూడో మడి దాటి గోడ దాకా దీపం సన్నబడిందట. ఆ గోడ అవతల, ఎప్పుడో మూసేసిన పాత తవ్వకాలు ఉన్నాయి.

"నువ్వు బల్ల మీద రాయన్నా."

"ఇంకొకళ్లు చూడాలి."

"కింద పనికి ఒక్కరినే పంపుతరు. ఇంకొకళ్లు యాడికెళ్లి వస్తరు? అంటే కింద జరిగేది ఎన్నటికీ వార్త కాదన్నట్టే గదా?"

నేను వస్తానన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. నిజమే, నేను వచ్చి లాభం లేదు. ఒకే ఇంటివాళ్లు ఎంతమంది చూసినా ఒక్క సాక్ష్యం కిందే లెక్క. ఆ నియమం పెట్టినప్పుడు అందరికన్నా గట్టిగా చెయ్యి ఎత్తింది నేనే.

చిన్నవాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది, తెలుసు. వాళ్లు ఆ రోజు చూడలేదు. పంతొమ్మిదేళ్ల కింద, ఫోన్లు ఇంకా పనిచేస్తున్న రోజుల్లో, అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. మా పెద్దమనిషి రాజేశం మొహం, రాజేశం గొంతు, రాజేశం దగ్గు. వానలు పడ్డాయి, బయట చల్లబడింది, తలుపు తీసుకుని రండి అన్నాడు. నలభై ఒక్కమంది బయటి ఎండలోకి వెళ్లారు, ఒక్కరూ తిరిగి రాలేదు. రాజేశం అదే సమయంలో లోపల మా పక్కన కూర్చుని కందులు ఏరుతున్నాడు. దాన్ని ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఈ రోజుకీ తెలియదు. వెళ్లినవాళ్లలో నా భార్య సుశీల ఉంది. వానలో తడవాలని గొడుగు ఇంట్లోనే పెట్టి వెళ్లింది.

అందుకే యంత్రం సాక్షి కాదు. అందుకే ఇద్దరు, అది కూడా వేర్వేరు ఇళ్లవాళ్లు. పద్దెనిమిదేళ్లలో ఒక్క అబద్ధం కూడా బల్ల ఎక్కలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది.

భరణి, ఏడో రోజు

కిష్టమాచారిని అడిగాను. ఫ్యాన్లు నడిపేది ఆయనే; ఆయన కళ్లను ఎవరూ కాదనరు. పని వదిలిపెట్టి సమ్మక్కతో కిందికి దిగాడు. మూడో మడి దగ్గర దీపం నేలకు ఆనించినా నిటారుగా వెలిగింది.

పైకి వచ్చి నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇద్దరు చూశారు కాబట్టి వార్తే. "కింది సొరంగంలో దీపం నిటారుగా వెలిగింది. చూసినవాళ్లు: కిష్టమాచారి, సమ్మక్క." పేరు రాసేటప్పుడు చెల్లెలి వైపు చూశాను. రాయి అన్నట్టు తల ఊపింది. చూసింది చూసినట్టే చెప్పే మనిషి, మొండిది.

"అక్కా, మనసుల పెట్టుకోకు," అన్నాడు ఆచారి. "చీకట్ల ఒక్కదానివే ఉంటవు, అట్ల అనిపిస్తది."

"నాకు అనిపించలే ఆచారీ. అవుపడ్డది."

భరణి, తొమ్మిదో రోజు

సైన్స్ ముచ్చట. తోచక ఒక సీసా మూతికి రబ్బరు బెలూన్ ముక్క బిగించి కట్టి, దాని మధ్యలో చీపురుపుల్ల అంటించాను. బయట గాలి ఒత్తిడి తగ్గితే రబ్బరు ఉబ్బుతుంది, పుల్ల కొన దిగుతుంది. పెరిగితే లేస్తుంది. పక్కన గోడమీద బొగ్గుతో గీతలు గీశాను. రోజూ మూడుసార్లు చూసి రాస్తున్నాను. సమ్మక్క దానికి అన్నగారి కొంగ అని పేరు పెట్టింది. "నీ కొంగ ఇయ్యాల ఏమన్నది? ఆకలైతున్నదా?"

వింత: ఏడేళ్ల పిల్ల ఒకతి ఆకాశానికి కప్పు ఎంత ఎత్తులో ఉంటుందని అడిగింది. వాళ్ల అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఊహ తెలియకముందే లోపలికి వచ్చినవాళ్లు.

సమ్మక్క ఇవాళ కూడా దీపం సన్నబడిందంది. మూడోసారి. సాక్షి ఒక్కరే.

భరణి, పన్నెండో రోజు

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. సమ్మక్క ఊరుకోలేక నీళ్ల వరసలో ముగ్గురు ఆడవాళ్లతో చెప్పిందట, ఈసారి రోహిణికి కిందికి దిగొద్దని. బల్లకెక్కని మాట నోటితో మోస్తే నెలరోజులు నీళ్ల వరసలో చివరి చోటు. పెద్దలు తీర్పు చెప్పారు. తీర్పును బల్ల మీద రాసింది నేను.

చివర నిలబడితే అరబిందె మిగిలింది. దాన్ని పట్టుకొచ్చి నాకు ముందు గ్లాసు పోసింది.

"నేను తప్పు రాయలేదు సమ్మక్కా."

"నువ్వు ఎన్నడన్న తప్పు రాసినవా? తాగు."

ఈ మధ్యలో ఆచారి ఆమెతో ఇంకొకసారి కిందికి దిగి చూశాడు. దీపం నిటారు. అది కూడా బల్లకెక్కింది. ఇప్పుడు బల్ల మీద రెండు వార్తలున్నాయి, రెండూ నిజమే, రెండిటి కిందా నా చెల్లెలి పేరు ఉంది.

కృత్తిక కార్తె, మూడో రోజు

ఇవాళ పొద్దున ఈ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పుల్ల లెక్కలు ఒక పక్క, సమ్మక్క చెప్పిన రోజులు ఇంకో పక్క. పుల్ల చేశాక ఆమెకు దీపం సన్నబడింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ పుల్ల కొన కిందికి దిగి ఉంది. ఆచారి రెండోసారి వెళ్లిన రోజు పుల్ల పైకి లేచి ఉంది!

అరిచాను. నిజంగానే అరిచాను, పక్కింటివాళ్లు పరదా ఎత్తి చూశారు. ఎన్నేళ్లయింది ఇలాంటి సంతోషం కలిగి. గోడ అవతలి పాత తవ్వకాల నిండా చెడుగాలి ఉంది. బయట ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజు ఆ గాలి అవతలే అణిగి ఉంటుంది. మబ్బు పట్టి ఒత్తిడి తగ్గిన రోజు గోడ పగుళ్లలోంచి మన వైపు కారుతుంది.

సంతోషం ఎంతసేపు? రోహిణి చివర తొలకరి గాలివాన వస్తుంది. అప్పుడు ఒత్తిడి పడిపోతుంది. అప్పటికి మేమంతా కింద, నేలమీద, నిద్రలో ఉంటాం.

ఆచారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఓపికగా అంతా విన్నాడు, పుల్లను చూశాడు, గీతలు చూశాడు.

"మంచిగ చెప్పినవన్నా. నాకైతే నిజమే అనిపిస్తున్నది."

"మరి?"

"మరేంది? పుల్ల సాక్షా? మనిషా? రేపు ఇంకొకడు ఇంకో సీసా తెచ్చి, బయట చల్లబడ్డదట, తలుపు తియ్యిండ్రి అంటడు. అప్పుడు నువ్వే కట్టె పట్టుకోని నిలబడుతవ్."

"గాలి గొట్టం కిందిదాకా వేస్తే చాలు కదయ్యా."

"ఇరవై రోజుల పని. అన్ని రోజులు ఈ పై ఫ్యాను సగం ఆపాలె. ముసలోళ్లు ఉడికిపోతరు. వార్త లేంది నేనెట్ల ఆపుత? ఎవరన్న పోతే వాళ్లింటోళ్లకు ఏమని చెప్పాలె? గట్టన్న పుల్ల జూసిండు అని చెప్పాల్నా?"

ఒక్క ముక్క కూడా తప్పు లేదు ఆయన మాటలో. చివరికి ఒప్పందానికి వచ్చాం. ఈసారి పుల్ల దిగగానే కబురు చేస్తాను, ఆచారి వెంటనే సమ్మక్కతో దిగుతాడు. ఇద్దరూ చూస్తే ఆ గంటలోనే బల్లకెక్కుతుంది.

సమ్మక్కకు చెప్పాను. ఎన్నాళ్లకో మొహం విప్పారింది. "నీ కొంగకు రేపట్నించి నేనే మేత పెడుత," అంది.

కృత్తిక, ఎనిమిదో రోజు

పుల్ల కదలడం లేదు. ఐదు రోజులుగా పైనే ఉంది. మామూలుగా అయితే సంతోషించవలసిన విషయం. ఇద్దరం పొద్దున లేవగానే దాని ముందు కూర్చుంటున్నాం, దిగవే తల్లీ అని. చెడుగాలి రావాలని కోరుకునే అన్నాచెల్లెళ్లు ప్రపంచంలో మేమే అయి ఉంటాం.

ఇక గొట్టం వేయడానికి ఇరవై రోజులు ఎలాగూ లేవు. కనీసం కిందికి దిగకుండా ఆపగలిగితే చాలు. దిగకపోతే ఇక్కడి వేడికి ఎవరెవరు పోతారో కూడా నాకు తెలుసు. లింగయ్య తాత. ఐలమ్మ అత్త. ఉబ్బసం ఉన్న సత్తయ్య తల్లి. ఈ పేర్లు రాయకూడదు, ఇవి ఎవరూ చూసినవి కాదు.

బల్ల వార్తలు: పుట్టగొడుగుల మడిలో ఒకే కాడకు మూడు గొడుగులు లేచాయి. చాపలు దులపడం మొదలైంది. పిల్లలు కిందికి వెళ్లడానికి తొందరపడుతున్నారు, అక్కడ చల్లగా ఉంటుంది కదా.

కృత్తిక, పదకొండో రోజు. పొద్దున

పుల్ల దిగింది. ఇంతగా దిగడం ఎప్పుడూ చూడలేదు, ఆఖరి గీత దాటి రెండు వేళ్లు కిందికి ఉంది. బయట పెద్ద గాలివాన ఏదో వస్తోంది. ఆచారికి కబురు పంపాను. ఫ్యాను బెల్టు జారింది, సరిచేసి వస్తున్నానని జవాబు.

సమ్మక్క దీపం పట్టుకుని లేచింది.

"ఆచారి వచ్చేదాకా వాలుదారిలోనే ఆగు," అన్నాను.

"ఆగితే? ఆయనొచ్చే వరకు దీపం మళ్ల మంచిగయితే? మూడోసారి కూడ నన్ను అబద్ధాలదాన్ని చేస్తరు. నేను ముందుగాల పోయి యాడ సన్నగైతున్నదో చూసి పెడుత. ఆయన రాంగనే చూపిస్త."

"జాగ్రత్త."

"నా దీపం నాకు చెప్తది తీయి. నువ్వు సుద్దముక్క తడుపుకోని కూసో."

అదే రోజు

బెల్టు జారలేదు, తెగింది. ఫ్యాను ఆగితే ఇంతమందికి ఊపిరి ఆగుతుంది. ఆచారి దాన్ని కుట్టి, బిగించి, తిప్పి, వచ్చేసరికి గంటకు పైన అయింది.

ఆ గంటసేపూ నేను బల్ల ముందు కూర్చున్నాను. వాలుదారి నా కాళ్లకు ముప్పై అడుగుల దూరం. వెళ్లి చూద్దామని రెండుసార్లు లేచాను. నేను చూసినా లెక్కలోకి రాదు కదా అని రెండుసార్లూ కూర్చున్నాను. మళ్లీ చదివాను ఈ వాక్యం. అదే అనుకున్నాను. వేరే ఏ కారణమూ లేదు.

ఆచారి వెంట దిగాను. రెండో మడి దగ్గరే, నడుము ఎత్తులో, ఆయన దీపం ఆరిపోయింది. బ్యాటరీ లైటు వేసి చూస్తే సమ్మక్క మూడో మడి అవతల, గోడవైపు తిరిగి పడి ఉంది. ఊపిరి బిగబట్టి ఇద్దరం చేతులు పట్టి లాగాం. వాలుదారి మీదికి తెచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, నేను అరిచాను, ఆచారి గుండెమీద నొక్కాడు, నేను మళ్లీ అరిచాను. తల్లీ, లేవే, ఆచారి వచ్చిండు చూపించు అన్నాను.

లేవలేదు.

పైకి మోసుకొచ్చాక జనం చుట్టూ చేరారు. ఆచారి ఏడుస్తూనే బల్ల దగ్గరికి నడిచి, "కింది సొరంగంలో చెడుగాలి. నడుము ఎత్తులో దీపం ఆరింది" అని రాసి, కింద తన పేరు రాశాడు. తర్వాత సుద్ద నా చేతిలో పెట్టాడు.

"రాయన్నా. ఇప్పుడు నీ పేరు చెల్లుతది. నాది వేరే ఇల్లు, ఒకే ఇంటి సాక్ష్యం కాదు గదా."

రాశాను.

రోహిణి కార్తె, ఐదో రోజు

కిందికి ఎవరూ దిగలేదు. లోపల నలభై రెండు డిగ్రీలు. తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటున్నాం, తడపడానికి నీళ్లు లేవు. నిన్న లింగయ్య తాత పోయాడు. ఇవాళ తెల్లారి ఐలమ్మ, మధ్యాహ్నం సత్తయ్య తల్లి. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. చంటిపిల్లలు ఏడవడం మానేశారు, అది మంచి గుర్తు కాదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. సత్తయ్య తన తల్లిని పాతిపెట్టి వస్తూ నా భుజంమీద చెయ్యి వేశాడు. "నియమం తప్పలేదు గట్టన్నా. నువ్వు సరిగనే చేసినవ్," అన్నాడు. పక్కన ఉన్నవాళ్లంతా ఔనన్నారు. భరణిలోనే వార్త బల్లకెక్కి ఉంటే గొట్టం పడేది, ఈ ముగ్గురూ ఉండేవాళ్లు, సమ్మక్క ఉండేది. ఆ లెక్క ఇక్కడ అందరికీ వచ్చు. అయినా సరిగానే చేశానంటున్నారు.

తట్టుకోలేకపోయాను. నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి, చెడుగాలి వార్తకు పైన, పెద్ద అక్షరాలతో రాశాను: "దీన్ని మొదట చూసింది సమ్మక్క. భరణి నాలుగో రోజు నుంచి ఏడుసార్లు చూసింది."

జనం చేరారు. ఆచారి ముందుకొచ్చాడు, చేతిలో తడిగుడ్డ ఉంది. ఈ వేడిలో మొహం తుడుచుకోవడానికి దాచుకున్న నీళ్లతో తడిపిన గుడ్డ.

"అన్నా..." అన్నాడు.

"ఏడుసార్లు ఆచారీ."

"నాకు ఎరుకనే. కాని ఆ ఏడుసార్లు ఎవరు చూసిండ్రన్నా, ఆమె కాకుంట?"

ఎవరైనా అడ్డం పడతారేమోనని చూశాను. ఆమె మాట విన్న ముగ్గురు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. తలలు దించుకున్నారు. విన్నారు గానీ చూడలేదు వాళ్లు. సత్తయ్య మాత్రం, "నియమం ఒకరికి విడిస్తే అందరికి విడవాలె అన్నా," అన్నాడు.

ఆచారి ఇంకా గుడ్డ చాచి పట్టుకునే ఉన్నాడు. ఆయన తుడవలేకపోతున్నాడు, అది నాకు కనిపించింది. తీసుకున్నాను. పేరు ముందు తుడిచాను, తర్వాత మిగతాది. వేరే ఎవరి చెల్లెలైనా అయి ఉంటే, ఆ పేరును బల్ల మీద ఇంతసేపు కూడా ఉండనిచ్చేవాణ్ని కాదు.